బీటీఎస్ పోస్టర్లున్న ఇంట్లో కొరియన్ షేర్లు కొనొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. నేను హనుమకొండలో గవర్నమెంటు టీచర్ని. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. దాని గది గోడల నిండా బీటీఎస్ అనే కొరియన్ పాటల బృందం పోస్టర్లే. ఆల్బమ్‌లకి, లైట్ స్టిక్‌కి, టీషర్టులకి కలిపి రెండేళ్లలో 38 వేలు ఖర్చయిందని మొన్న లెక్కేస్తే తేలింది. మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా కొరియన్ మాటలు పలుకుతున్నారు. ఊరంతా ఇలా ఉందంటే ఆ కంపెనీలు ఎంత సంపాదిస్తున్నట్టు? ఖర్చు పెట్టేది మనమే అయినప్పుడు ఆ కంపెనీలో కాస్త వాటా కొంటే తప్పేముంది అనిపించింది. ఎల్ఐసీ పాలసీ ముగిసి ఆరు లక్షలు చేతికొచ్చాయి. అమ్మాయి ఇంజనీరింగ్ కోసం దాచినవి. అందులో నాలుగు లక్షలు కొరియన్ కంపెనీల్లో పెడదామని ఉంది. మా చెల్లెలి ఆడపడుచు నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. కొరియన్ వినోద కంపెనీ షేర్లు ఐపీఓకి ముందే, అంటే మార్కెట్లోకి తొలిసారి రాకముందే ఇప్పిస్తారట, నెలకి 12 శాతం ఖాయమట. డబ్బు కట్టాల్సిన ఖాతా వివరాలు ఈ ఉత్తరంతో జతచేశాను. పెట్టమంటారా?

సమాధానం:

టీచరు గారూ,

ముందు ఒక్క మాట. ఆ ఖాతాకి ఒక్క రూపాయి కూడా పంపకండి. మిగతా ఉత్తరం తీరిగ్గా చదువుకోవచ్చు, ఇది మాత్రం ఇప్పుడే. నెలకి 12 శాతం ఖాయం అని చెప్పగలిగే షేరు ఏ దేశంలోనూ లేదు. మన దేశం నుంచి విదేశీ షేర్లు కొనాలంటే డబ్బు మన బ్యాంకు నుంచే, పాన్ నంబరుతో, విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారం నింపి, విదేశీ కరెన్సీగా మారి వెళ్లాలి. మీరు పంపిన వివరాల్లో ఉన్నది ఎవరో ట్రేడర్స్ పేరు మీద ఉన్న మామూలు కరెంట్ అకౌంటు. కొరియాకి వెళ్లే డబ్బు అందులో పడదు. మీ చెల్లెలి ఆడపడుచు ఇప్పటికే కట్టేసి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఈ రోజే ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. గ్రూపులోంచి బయటికొచ్చే ముందు మెసేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

ఇక మీ అసలు ఆలోచన. అది మంచి ఆలోచనే. ఇంట్లో ఏ డబ్బు ఎటు పోతోందో చూసి అక్కడ వ్యాపారం ఉందని పసిగట్టడం చాలామందికి చేతకాదు. మీరు చూసింది నిజమే కూడా. కానీ జనం ఎగబడటం ఒక సంగతి, ఆ డబ్బు ఎవరి గల్లాపెట్టెలో పడుతుందన్నది ఇంకో సంగతి, ఆ గల్లాపెట్టెలో వాటాని మీరు ఎంత రేటుకి కొంటున్నారన్నది మూడో సంగతి. మీ ఉత్తరంలో మొదటిది ఒక్కటే ఉంది.

మూడోదాని గురించి మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. మా మేనమామ తెనాలి దగ్గర బియ్యం వ్యాపారం చేసేవాడు. నా చిన్నప్పుడు ఒక పెద్ద హీరో సినిమాని ఒక జిల్లాలో ఆడించే హక్కు కొన్నాడు. పోటీ మీద రేటు పెరిగితే ఎకరన్నర మాగాణి అమ్మి కట్టాడు. సినిమా వంద రోజులాడింది. రోజూ రాత్రి థియేటర్ల నుంచి డీసీఆర్‌లు, అంటే ఆ రోజు కలెక్షన్ రాసిన కాగితాలు వచ్చేవి. మామయ్య వాటిని లాంతరు దగ్గర పెట్టుకుని థియేటర్ అద్దె, పన్ను, పబ్లిసిటీ తీసేసి తన షేరు ఎంతో కూడుకునేవాడు. హాలు నిండినట్టు కాగితం చెబుతోంది, కొన్న రేటు మాత్రం వెనక్కి రావడం లేదు. ఊరంతా సినిమా సూపర్ హిట్ అంటుంటే మా ఇంట్లో అత్తయ్య ఏడ్చింది. ఆ పొలం మళ్లీ మా వాళ్ల చేతికి రాలేదు. అప్పటినుంచి ఎవరైనా ఫలానాది బాగా ఆడుతోంది అంటే, ఎంతకి కొన్నారు అనే మాటే ముందు నా నోట వస్తుంది.

బీటీఎస్ కంపెనీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు హైబ్, అప్పట్లో బిగ్ హిట్. 2020 అక్టోబర్ 15న కొరియా స్టాక్ ఎక్స్చేంజిలోకి వచ్చింది. షేరు ఇచ్చిన ధర 1,35,000 వాన్లు, వాన్ అంటే కొరియా కరెన్సీ. మొదటి రోజు మార్కెట్ తెరవగానే రెట్టింపు, అంటే 2,70,000. కొద్దిసేపట్లోనే ఆ రోజుకి అనుమతించిన గరిష్ఠం, మరో 30 శాతం పైకి, 3,51,000. కొరియాలో దీనికి ముద్దుగా 'తాసాంగ్' అని పేరు కూడా ఉంది. సాయంత్రానికి అది 2,58,000కి దిగింది. పొద్దున పై ధరకి లక్ష పెట్టినవాళ్లకి రాత్రి భోజనం వేళకి 26 వేలు పోయాయి. మర్నాడు ఇంకో 22 శాతం పడింది. నెలాఖరుకి లక్షన్నర వాన్ల లోపుకి వచ్చేసింది. ఆ పదిహేను రోజుల్లో బీటీఎస్ అభిమానులు ఎవరైనా తగ్గారా? లేదు. అంతకు నెలన్నర ముందే వాళ్ల డైనమైట్ పాట అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. పాట తగ్గలేదు, పిచ్చి తగ్గలేదు, కొన్న రేటు ఎక్కువైంది, అంతే. నష్టపోయినవాళ్లలో ఆ అభిమానులూ ఉన్నారు. పాకెట్ మనీతో, పెళ్లికి దాచుకున్న డబ్బుతో కొన్నవాళ్లున్నారు. వాళ్లని తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మరుసటి ఏడాది చివర్లో అదే షేరు నాలుగు లక్షల వాన్లు దాటింది. అప్పుడు కొన్నవాళ్లకి 2022 జూన్ వచ్చింది. జూన్ 14న బీటీఎస్‌లోని ఏడుగురూ ఒక భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఇకమీదట కొంతకాలం ఎవరి పాటలు వాళ్లం చేసుకుంటాం అని చెప్పారు. మర్నాడు షేరు ఒక్క రోజులో దాదాపు 25 శాతం పడిపోయింది. ఇందులో నాకు కోపం తెప్పించే సంగతి ఒకటి ఉంది. ఆ వార్త బయటికి రాకముందే ముగ్గురు కంపెనీ ఉద్యోగులు తమ షేర్లు అమ్ముకుని 23 కోట్ల వాన్ల నష్టం తప్పించుకున్నారని కొరియా ఆర్థిక పర్యవేక్షణ సంస్థ 2023లో ఆరోపించి, కేసుని ప్రాసిక్యూటర్లకి పంపింది. హనుమకొండలో కూర్చున్న మీకు ఆ వార్త ఎప్పుడు తెలుస్తుంది? అందరితోపాటు, అమ్మాయి ఫోన్లో.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే మామూలు ఫ్యాక్టరీ కంపెనీకి ఉండని చిక్కులు దీనికి ఉన్నాయి. సబ్బుల కంపెనీలో యంత్రం సైన్యంలోకి వెళ్లదు. ఇక్కడ వెళుతుంది. కొరియాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడూ సుమారు ఏడాదిన్నర, కొన్ని విభాగాల్లో ఇంకాస్త ఎక్కువ, సైనిక సేవ చెయ్యాలి. బీటీఎస్ కోసమని చట్టం మార్చి 30 ఏళ్ల దాకా వాయిదా ఇచ్చారు గానీ మినహాయింపు ఇవ్వలేదు. పెద్దవాడు జిన్ 2022 డిసెంబర్‌లో చేరాడు. ఏడుగురూ పూర్తిచేసుకుని బయటికొచ్చేసరికి 2025 జూన్ అయింది. ఐపీఓ నాడు ఇచ్చిన పత్రాల్లోనే ఉంది, 2019లో కంపెనీ ఆదాయంలో 97 శాతానికి పైగా ఈ ఒక్క బృందానిదే. తరవాత హైబ్ వేరే బృందాల్ని పెంచుకుంది, అమెరికాలో కంపెనీని కొన్నది, ఒక్క బృందం మీదే ఆధారపడటం తగ్గించుకుంది. అది వాళ్ల ముందుచూపు, ఒప్పుకోవాలి.

ఇంకో చిక్కు ఒప్పందాలది. కళాకారులతో ఒప్పందం ఏడేళ్లు మించకూడదన్న నమూనాని కొరియా వాణిజ్య పోటీ సంస్థ 2009లో తెచ్చింది. అంతకుముందు పదమూడేళ్ల ఒప్పందాలుండేవి, పాపం ఆ పిల్లలు కోర్టుకెక్కితే గానీ మారలేదు. పిల్లల వైపు నుంచి చూస్తే అది న్యాయం. షేరు కొన్నవాళ్ల వైపు నుంచి చూస్తే ఏడేళ్లకోసారి పరీక్ష. నలుగురు అమ్మాయిల బృందం బ్లాక్‌పింక్ 2016 ఆగస్టులో వచ్చింది. 2023 ఆగస్టు నుంచి వాళ్లు వైజీ కంపెనీలో ఉంటారా లేదా అని నెలల తరబడి అందరికీ టెన్షన్. డిసెంబర్‌లో బృందంగా ఉంటామన్నారు, ఆ ఒక్క రోజే షేరు 25 శాతం దాకా ఎగిసింది. తీరా కొన్ని వారాలకి తెలిసిందేమిటంటే, బృందం పనులకే ఆ ఒప్పందం. విడిగా చేసుకునే పనులకి ఎవరి దారి వాళ్లది. ఆ నలుగురిలో జెన్నీ, లీసా సొంత కంపెనీలు పెట్టుకున్నారు. అదే బృందంలోని రోజే, అమెరికా గాయకుడు బ్రూనో మార్స్ కలిసి పాడిన అపట్ పాట 2024లో ప్రపంచమంతా మోగింది, మీ అమ్మాయి కూడా పాడే ఉంటుంది. దాన్ని విడుదల చేసింది అమెరికా రికార్డు కంపెనీ. బ్లాక్‌పింక్ మోజు చూసి వైజీ షేరు కొన్నవాళ్లకి ఆ పాటతో పెద్దగా సంబంధం లేదు.

ఇది నేను చెప్పిన రెండో సంగతి, గల్లాపెట్టె. 2021లో వచ్చిన స్క్విడ్ గేమ్ సీరియల్ మన దగ్గర కూడా ఇంటింటా ఆడింది. తీసింది కొరియావాళ్లు, కథ కొరియాది, డబ్బు పెట్టి హక్కులన్నీ దగ్గర పెట్టుకున్నది నెట్‌ఫ్లిక్స్. దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ ఒప్పందంలో రాసుకున్నంతే వచ్చిందని, సీజన్ హిట్టయినందుకు అదనంగా రాలేదని తానే చెప్పుకున్నాడు. అయినా ఆ రోజుల్లో కొరియా మార్కెట్లో, అందులో నటించిన హీరో మేనేజ్‌మెంట్ కంపెనీలో కొంత వాటా ఉందన్న ఒక్క కారణంగా ఒక చిన్న కంపెనీ షేరు ఆకాశానికి ఎగిరింది. సీరియల్‌లో ఆ కంపెనీకి పైసా హక్కు లేదు. 2025లో కేపాప్ డీమన్ హంటర్స్ అనే యానిమేషన్ సినిమా వచ్చింది. పాటల తీరు కొరియాది, పులి బొమ్మ కొరియాది, తీసింది సోనీ యానిమేషన్ స్టూడియో, వేసింది మళ్లీ నెట్‌ఫ్లిక్స్. పేరు కొరియాకి వచ్చింది, లాభంలో పెద్ద ముద్ద మాత్రం వేరే దేశాల కంపెనీలకి పోయింది.

మీ ఇంటి 38 వేలనే తీసుకోండి. అమ్మాయి దగ్గరున్న ఆల్బమ్ డబ్బా ఒకటి తెరిచి చూడండి. ఒక సీడీ ఉంటుంది, ఫొటోల పుస్తకం ఉంటుంది, ఆ పేజీల మధ్య ఏటీఎం కార్డంత ఫొటోకార్డు ఉంటుంది. సీడీ పెట్టుకోవడానికి మీ ఇంట్లో ప్లేయర్ ఉందా? చాలా ఇళ్లలో లేదు. పిల్లలు కొనేది ఆ కార్డు కోసం. ఏ సభ్యుడి కార్డు వస్తుందో తెరిచేదాకా తెలీదు, అందుకే ఒకే ఆల్బమ్ రెండూ మూడూ కొంటారు. ఈ పద్ధతి మీద 2023లో కొరియాలో అమ్ముడైన ఆల్బమ్‌ల సంఖ్య పది కోట్లు దాటింది. మరుసటి ఏడాది అమ్మకాలు తగ్గాయి. అభిమానం తగ్గి కాదు, అదే డబ్బా నాలుగుసార్లు కొనే ఓపికకి కూడా హద్దుంటుంది. అయినా ఎప్పుడూ పెరుగుతూనే పోతాయని లెక్కేసి షేర్లు కొన్నవాళ్లు దెబ్బతిన్నారు.

మనుషుల మీద నడిచే వ్యాపారం కాబట్టి గొడవలూ మనుషులవే. 2024 ఏప్రిల్‌లో హైబ్‌కీ, దాని కిందే ఉన్న, న్యూజీన్స్ అనే అమ్మాయిల బృందాన్ని నడిపే కంపెనీ అధిపతికీ రచ్చ మొదలైన రోజు షేరు ఏడు శాతానికి పైగా పడింది. ఆ వివాదం కోర్టుల్లో ఏడాదిన్నరకి పైగా నడిచింది. ఇక దేశాల గొడవలు వేరే. 2016లో అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థని పెట్టుకోవడానికి కొరియా ఒప్పుకోగానే చైనా అలిగింది. కాగితం మీద ఏ నిషేధమూ లేదు, కచేరీలు ఆగిపోయాయి, సీరియళ్లు ఆగిపోయాయి, ఆ తరవాత టూరిస్టు గ్రూపులు ఆగిపోయాయి. పాటల కంపెనీలతోపాటు, చైనా టూరిస్టుల మీద బతికిన క్రీముల కంపెనీలూ దెబ్బతిన్నాయి.

ఇంత చెప్పాక, అసలు ఎవరూ బాగుపడలేదా అంటారేమో. పడ్డారు. పిల్లలు కళ్లలో నీళ్లు పెట్టుకుంటూ తినే ఆ కారం నూడుల్స్, బుల్డాక్, దాన్ని చేసే సమ్యాంగ్ చూడండి. కొరియాలో మొట్టమొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ 1963లో చేసింది వాళ్లే. 1989లో నూనె కల్తీ ఆరోపణలో ఇరుక్కుని, తరవాత కోర్టులో తప్పు లేదని తేలినా, అప్పటికే చితికిపోయారు. బుల్డాక్ వచ్చింది 2012లో. యూట్యూబ్‌లో పోటీలు పడి తినడం మొదలయ్యాక అది దేశాలు దాటింది. 2024 మొదట్లో రెండు లక్షల వాన్ల పైచిలుకున్న షేరు, 2025 మేలో పది లక్షలు దాటింది. నూడుల్స్‌కి సైనిక సేవ లేదు, ఏడేళ్ల ఒప్పందం లేదు, పేరూ ఫ్యాక్టరీ రెండూ కంపెనీవే. నాకు ఈ రకం వ్యాపారం పాటల వ్యాపారం కంటే నచ్చుతుంది. కానీ ఇక్కడా మామయ్య కథలోని ప్రశ్న, ఎంతకి కొన్నారు అన్నది, ఉండనే ఉంది. అయిదు రెట్లు పెరిగాక కొనేవాళ్లు, అయిదు రెట్లు పెరగకముందు కొన్నవాళ్ల లాభాన్ని ఆశించకూడదు. 2024లో డెన్మార్క్ ప్రభుత్వం మరీ కారమని మూడు రకాల్ని దుకాణాల నుంచి తీయించింది. ఆ వార్తే ఉచిత ప్రచారమై కలిసొచ్చింది, రేపు ఇంకో దేశంలో అలాగే కలిసొస్తుందని చెప్పలేం.

ఇప్పుడు మీ నాలుగు లక్షల దగ్గరికి వస్తాను. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం అన్నారు. అంటే వచ్చే కౌన్సెలింగ్ నాటికి ఫీజు కట్టాలి. ఏడాదిలో కావలసిన డబ్బు ఏ షేర్లోనూ, ఎంత మంచి కంపెనీలోనూ పెట్టకూడదు. ఫీజు కట్టే వారంలో ఎవరో ఒక గాయకుడు విరామం ప్రకటిస్తే కాలేజీ వాళ్లు ఆగరు. ఆరు లక్షలూ ఫిక్స్‌డ్ డిపాజిట్లలోనే ఉంచండి. ఒకే బ్యాంకులో కాకుండా రెండింటిలో వెయ్యండి, ఎందుకంటే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకి మనిషికి అయిదు లక్షల దాకానే. గడువులు కూడా ఏటా ఫీజు కట్టే నెలకి కాస్త ముందు ముగిసేలా ముక్కలు చేసి వేయించండి. అది మీ చేత్తో మీరు కష్టపడి కట్టిన ప్రీమియం డబ్బు, దాని మీద ఎవరూ ప్రయోగాలు చెయ్యకూడదని నా కోరిక.

అయినా కొరియా మీద మోజు తీరకపోతే, మీ జీతంలోంచి, పోయినా ఇల్లు కదలనంత మాత్రమే పెట్టాలి. అప్పుడు కూడా దారి సాఫీగా లేదని తెలుసుకోండి. విదేశాల వాళ్లు కొరియా షేర్లు కొనాలంటే అక్కడ ముందుగా నమోదు చేసుకోవాలన్న పాత నిబంధనని 2023 డిసెంబర్‌లో ఎత్తేశారు గానీ, మన దగ్గర మామూలుగా వాడే యాప్‌లు చాలావరకు అమెరికా మార్కెట్టుకే తీసుకెళతాయి. అక్కడ కొరియా పేరుతో దొరికే పెద్ద ఫండ్ కొంటే అందులో ముందు వరసలో ఉండేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్. అంటే మీరు పాటలు కొన్నామనుకుంటారు, కొన్నది కంప్యూటర్ చిప్పులు. చిప్పులు మంచివి కావని కాదు, మీరు అనుకున్నది మాత్రం అది కాదు.

పన్ను సంగతీ ఉంది. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, పెట్టుబడి కోసం పంపేది పది లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్నుగా ముందే పట్టుకుంటుంది. మీకు అంత దూరం రాదు. కానీ ఒక్క విదేశీ షేరున్నా మీరు ఏటా వేసే ఐటీఆర్-1 ఇక కుదరదు. ఐటీఆర్-2 వెయ్యాలి, విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఆ షేరు చూపించాలి, లాభం లేకపోయినా సరే. మీ స్కూల్లో అందరి రిటర్నులూ ఒకేసారి వేసే మనిషికి ఇది ముందే చెప్పండి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5 శాతం, ఆ లోపు అమ్మితే మీ జీతంతో కలిపి స్లాబు ప్రకారం.

నన్నడిగితే ఒక ఏడాదిపాటు డబ్బు పెట్టకుండా కాగితం మీద పెట్టమంటాను. దానికి మీ ఇంట్లోనే మంచి సహాయం ఉంది. ఏ బృందం ఎప్పుడు మొదలైంది, ఏడేళ్లు ఎప్పుడు నిండుతాయి, ఎవరు సైన్యానికి వెళ్లాలి, ఎవరు విడిగా కంపెనీ పెట్టుకున్నారు, ఇవన్నీ మీ అమ్మాయికి నోటికొచ్చి ఉంటాయి. చాలామంది బ్రోకర్లకి తెలియని వివరాలు అవి. ఒక నోటుబుక్ ఇచ్చి రాయమనండి. తన అంచనా ఒక పక్క, నెలాఖరున షేరు ధర ఇంకో పక్క. పరీక్షలు అయ్యాకే సుమా.

మొదటి పేజీలో మాత్రం ఆ 38 వేల లెక్క రాయించండి. ఆల్బమ్ అసలు ధర ఎంత, అందులో మన దగ్గర అమ్మినవాళ్ల లాభం ఎంత ఉండొచ్చు, కొరియరుకి ఎంత, కస్టమ్స్ ఎంత, వేరే పిల్లల దగ్గర కొన్న ఫొటోకార్డులకి ఎంత, చివరికి సియోల్ దాకా వెళ్లింది ఎంత. తిట్టడానికి కాకుండా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాయండి. ఆ పేజీ పూర్తయ్యాక ఫొటో తీసి నాకు పంపండి, చూడాలని ఉంది.